డ్రాఫ్ట్‌కు ముందు మీ టీమ్‌కి ఏం కావాలో మీరే లెక్కేయండి

ఏప్రిల్ దగ్గరపడుతోందంటే అమెరికాలో ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ హడావిడి మొదలైనట్టే. ఏ స్పోర్ట్స్ ఛానెల్ పెట్టినా "టీమ్ నీడ్స్" అని ఒక లిస్ట్ తిరుగుతూ ఉంటుంది. ఫలానా టీమ్‌కి కార్నర్ కావాలి, ఫలానా టీమ్‌కి టాకిల్ కావాలి, ఇంకో టీమ్‌కి అన్నీ కావాలి. ఆ లిస్ట్ ఎలా తయారవుతుంది? దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? మన టీమ్‌కి మనమే ఎలా తయారు చేసుకోవాలి? ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం దీని మీదే.

నా మాట ముందే చెప్పేస్తాను. చాలా లిస్టులు ఇవాళ ఏ కుర్చీ ఖాళీగా ఉందో చూసి రాసేస్తారు. కానీ వచ్చే రెండేళ్ళలో ఏ కుర్చీ ఖాళీ అవబోతోంది, ఆ కుర్చీని డ్రాఫ్ట్ తప్ప ఇంకో దారిలో నింపలేమా అన్నవే అసలు ప్రశ్నలు. ఈ రెండూ అడిగితే మీ లిస్ట్ మారిపోతుంది. ఎలా మారుతుందో 2021లో సిన్సినాటి బెంగాల్స్ కథతో చూపిస్తాను. ఆ కథలో అందరూ గొడవపడిన చోట ఒకటి, నా లెక్క ప్రకారం నిజంగా గొడవపడాల్సిన చోట ఇంకొకటి.

ముందు బేసిక్స్, రెండే నిమిషాలు

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. లీగ్‌లో 32 టీమ్‌లు. ఒక్కో టీమ్ రోస్టర్‌లో 53 మంది. మైదానంలో ఒకసారి దిగేది 11 మంది. బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఆడే 11 మంది వేరు, అవతలివాళ్ళను ఆపడానికి దిగే 11 మంది వేరు.

డ్రాఫ్ట్ అంటే కాలేజీ ఫుట్‌బాల్ నుంచి వచ్చే కుర్రాళ్ళను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం. ఏడు రౌండ్లు ఉంటాయి. ముందటి సీజన్‌లో అందరికంటే ఘోరంగా ఆడిన టీమ్‌కి మొదటి వంతు, సూపర్ బౌల్ గెలిచిన టీమ్‌కి చివరి వంతు. మనకు అలవాటైన ఐపీఎల్ వేలానికీ దీనికీ ఇదే పెద్ద తేడా. వేలంలో పర్సులో డబ్బు ఉంటే ఎవరైనా చెయ్యెత్తొచ్చు. ఇక్కడ చెయ్యెత్తడం లేదు, వంతు వచ్చేదాకా కూర్చోవాలి. మీకు కావాల్సినవాణ్ణి మీ ముందువాడు పట్టుకుపోతే అంతే సంగతులు. వంతు ముందుకు జరగాలంటే ఇంకో టీమ్‌తో బేరమాడి, మీ పిక్‌లు ఇచ్చి, వాళ్ళ పిక్ తీసుకోవాలి.

రెండో విషయం డబ్బు. ప్రతి టీమ్ జీతాల ఖర్చు మీద ఒక పరిమితి ఉంటుంది, దాన్ని శాలరీ క్యాప్ అంటారు. 2021లో అది 18.25 కోట్ల డాలర్లు, 2025లో 27.92 కోట్ల డాలర్లు. డ్రాఫ్ట్‌లో వచ్చిన ఆటగాడికి నాలుగేళ్ళ కాంట్రాక్ట్ ఇస్తారు. ఎన్నో నంబర్‌లో తీసుకున్నారన్న దాన్ని బట్టి జీతం దాదాపు ముందే ఖరారైపోయి ఉంటుంది. మొదటి రౌండ్ వాళ్ళకు మాత్రం అయిదో ఏడాది కూడా ఉంచుకునే అవకాశం టీమ్‌కి ఉంటుంది. అంటే బాగా ఆడే కుర్రాడు దొరికితే నాలుగయిదేళ్ళు తక్కువ ధరకు దొరికినట్టు. డ్రాఫ్ట్ పిక్‌కి విలువ అక్కణ్ణుంచే వస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మామూలు లిస్ట్ ఎక్కడ దెబ్బతింటుంది

మామూలుగా ఏం చేస్తారంటే, టీమ్ డెప్త్ చార్ట్ తీస్తారు. ప్రతి పొజిషన్‌లో స్టార్టర్ పేరు చూస్తారు. పేరున్నవాడైతే పచ్చ రంగు, లేకపోతే ఎర్ర రంగు. ఎర్రగా ఉన్నవన్నీ అవసరాలు. అయిపోయింది, లిస్ట్ రెడీ.

నేను బీటెక్ తర్వాత కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి నాకు అర్థమయ్యే భాషలో చెప్తాను. మీ ప్రాజెక్ట్‌లో పేమెంట్స్ మాడ్యూల్ ఒకే ఒక్క సీనియర్‌కి తెలుసు అనుకోండి. ఇవాళ అతను సీట్లో ఉన్నాడు, పని నడుస్తోంది, మేనేజర్ షీట్‌లో అంతా పచ్చగానే ఉంది. కానీ అతను పేపర్లు పెట్టేశాడు, నోటీస్ పీరియడ్‌లో ఉన్నాడు. బెంచ్ మీద ఆ మాడ్యూల్ తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు చెప్పండి, ఆ టీమ్‌కి మనిషి అవసరం ఉందా లేదా? అతను వెళ్ళిపోయాక రిక్రూట్‌మెంట్ మొదలుపెడితే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

ఎన్ఎఫ్ఎల్‌లో కాంట్రాక్ట్ చివరి ఏడాదిలో ఉన్న ఆటగాడు నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాడి లాంటివాడే. టీమ్ కొత్త కాంట్రాక్ట్ ఇస్తే ఉంటాడు, లేకపోతే మార్చిలో ఫ్రీ ఏజెంట్‌గా వెళ్ళిపోతాడు. డెప్త్ చార్ట్ మీద ఈ సంగతి కనపడదు.

నా షీట్‌లో ఆరు కాలమ్‌లు

అందుకే నేను ప్రతి పొజిషన్‌కీ ఆరు కాలమ్‌లు రాసుకుంటాను. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, ఇప్పుడు ఎవరు ఆడుతున్నారు. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. పాత లెక్క ప్రకారం స్టార్టర్లు అటు 11, ఇటు 11. కానీ ఇప్పటి ఆటలో టీమ్‌లు సగం కంటే ఎక్కువ ప్లేలు ముగ్గురు వైడ్ రిసీవర్లతో ఆడతాయి. దానికి జవాబుగా డిఫెన్స్ కూడా అయిదుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లను దింపుతుంది. కాబట్టి మూడో రిసీవర్, లోపలివైపు ఆడే మూడో కార్నర్, వీళ్ళిద్దరూ పేరుకి రిజర్వ్ అయినా నిజానికి స్టార్టర్లే. స్టార్టర్ అన్న ముద్ర వదిలేసి, ఎవరు ఎన్ని ప్లేలు మైదానంలో ఉన్నారో చూడండి. దాన్నే స్నాప్ కౌంట్ అంటారు.

రెండోది, కాంట్రాక్ట్ ఏ ఏడాదితో ముగుస్తుంది. ఈ ఏడాదితో అయితే ఎర్ర రంగు, వచ్చే ఏడాదితో అయితే పసుపు.

మూడోది వయసు. అన్ని పొజిషన్లకీ ఒకే కొలత పనికిరాదు. రన్నింగ్ బ్యాక్‌లు బంతి పట్టుకుని గుంపులోకి దూరే మనుషులు. ప్రతి ప్లేకీ దెబ్బలు తింటారు కాబట్టి 27, 28 దాటేసరికి చాలామంది జోరు తగ్గుతుంది. ఆఫెన్సివ్ లైన్‌మన్ 30 దాటాక కూడా బాగా ఆడగలడు. క్వార్టర్‌బ్యాక్ ఇంకా ఎక్కువ కాలం ఉంటాడు. కాబట్టి 29 ఏళ్ళ రన్నింగ్ బ్యాక్, 29 ఏళ్ళ సెంటర్, ఇద్దరూ షీట్‌లో ఒకే రంగులో ఉండకూడదు.

నాలుగోది, వెనకాల ఎవరున్నారు. స్టార్టర్‌కి గాయమైతే రేపు ఎవరు దిగుతారు? ఇది చాలామంది ఖాళీగా వదిలేసే కాలమ్. హ్యూస్టన్‌లో ఉన్న పాత ఫ్యాన్స్‌ని అడగండి, చెప్తారు. 2002లో టెక్సన్స్ కొత్త టీమ్. లెఫ్ట్ టాకిల్ స్థానం కోసం టోనీ బొసెల్లీ అనే గొప్ప ఆటగాణ్ణి తెచ్చుకున్నారు. కాగితం మీద ఆ కుర్చీ నిండిపోయింది. కానీ భుజం గాయాల వల్ల అతను ఆ టీమ్‌కి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ ఏడాదే నంబర్ వన్ పిక్‌గా వచ్చిన కుర్ర క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్‌ని ప్రత్యర్థులు 76 సార్లు సాక్ చేశారు, అంటే బంతి విసిరేలోపే పడేశారు. ఒక సీజన్‌లో అన్ని సాక్‌లు తినడం లీగ్ రికార్డ్. కాగితం మీద నిండిన కుర్చీ మైదానంలో ఖాళీగా ఉంటే దెబ్బలు తినేది ఇంకొకడు.

అయిదోది, కోచ్ ఎలా ఆడిస్తాడు. జనవరిలో డిఫెన్స్ కోచ్ మారితే, మార్చిలో అవసరాలు కూడా మారిపోతాయి. ముందు వరుసలో నలుగురిని నిలబెట్టే కోచ్ పోయి ముగ్గురిని నిలబెట్టే కోచ్ వచ్చాడనుకోండి. నిన్నటిదాకా సరిగ్గా సరిపోయిన ఆటగాడు ఇవాళ బరువు చాలనివాడో, వేగం చాలనివాడో అవుతాడు. అదే మనిషి, అదే ప్రతిభ, కానీ అతను చేసే పనికి ఇప్పుడు ఇక్కడ చోటు లేదు.

ఆరోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ పొజిషన్‌ని ఇంకెక్కడైనా కొనొచ్చా? మార్చి మధ్యలో ఫ్రీ ఏజెన్సీ మొదలవుతుంది. ఒక మోస్తరు మంచి గార్డో, సెంటరో, సేఫ్టీయో దాదాపు ప్రతి ఏడాదీ మార్కెట్‌లో దొరుకుతారు. మంచి వయసులో ఉన్న గొప్ప క్వార్టర్‌బ్యాక్ దొరకడం మాత్రం చాలా అరుదు, అలాంటివాణ్ణి టీమ్‌లు వదలవు. గొప్ప టాకిల్, గొప్ప ఎడ్జ్ రషర్, గొప్ప రిసీవర్ కూడా అంతే. వాళ్ళను తెచ్చుకోవాలంటే దాదాపు డ్రాఫ్టే దారి, లేదా ఒళ్ళు గుల్లయ్యే ధర. 2022 మార్చిలో టైరీక్ హిల్ కోసం మయామీ అయిదు డ్రాఫ్ట్ పిక్‌లు ఇచ్చి, పైన నాలుగేళ్ళకు 12 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ కూడా ఇచ్చింది.

ఇంకో సంగతి. ఫ్రీ ఏజెన్సీ మార్చిలో, డ్రాఫ్ట్ ఏప్రిల్ చివర్లో. కాబట్టి జనవరి లిస్ట్‌కీ ఏప్రిల్ లిస్ట్‌కీ పోలిక ఉండకపోవచ్చు. జనవరిలో రాసిన లిస్ట్‌ని ఏప్రిల్‌లో షేర్ చేసేవాళ్ళను నమ్మకండి.

2021 బెంగాల్స్: అసలు పరీక్ష

ఇప్పుడు ఈ షీట్ పట్టుకుని సిన్సినాటి వెళ్దాం. 2020లో బెంగాల్స్ 4 గెలిచి, 11 ఓడి, ఒకటి టై చేసుకున్నారు. ఆ ఏడాది నంబర్ వన్ పిక్‌గా వచ్చిన క్వార్టర్‌బ్యాక్ జో బరో 10 మ్యాచ్‌ల్లో 32 సార్లు సాక్ అయ్యాడు. నవంబర్‌లో వాషింగ్టన్ మీద ఆడుతూ మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తానికే దూరమయ్యాడు. స్ట్రెచర్ కార్ట్ మీద వెళ్తున్న బరోని చూసిన ప్రతి ఫ్యాన్ నోటా ఒకటే మాట: ఈ కుర్రాణ్ణి కాపాడండి, లైన్ బాగుచేయండి.

2021 డ్రాఫ్ట్‌లో వాళ్ళది అయిదో పిక్. వంతు వచ్చేసరికి ఇద్దరు మిగిలి ఉన్నారు. ఒకడు ఆరెగాన్ టాకిల్ పెనే సూయెల్. ఇంకొకడు ఎల్ఎస్‌యూ రిసీవర్ జమార్ చేజ్. 2019లో ఎల్ఎస్‌యూ జాతీయ ఛాంపియన్ అయినప్పుడు బరో విసిరిన బంతులు పట్టినవాడు ఇతనే. మామూలు లిస్ట్ ప్రకారం జవాబు సూయెల్. బెంగాల్స్ చేజ్‌ని తీసుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ మోకాలు విరిగితే రిసీవర్‌ని కొంటారా అని చాలామంది మండిపడ్డారు. సూయెల్ ఏడో పిక్‌గా డెట్రాయిట్ లయన్స్‌కి వెళ్ళాడు.

షీట్ ఏం చెప్తోంది? ఆ మార్చిలోనే బెంగాల్స్ రైట్ టాకిల్ కోసం రైలీ రీఫ్‌ని ఒక ఏడాది కాంట్రాక్ట్ మీద తెచ్చుకున్నారు. లెఫ్ట్ టాకిల్‌లో 2019 మొదటి రౌండ్ పిక్ జోనా విలియమ్స్ ఉన్నాడు. అంటే టాకిల్ కుర్చీలు రెండూ ఆ ఏడాదికి నిండాయి. రిసీవర్లలో ఎన్నో ఏళ్ళు టీమ్‌ని మోసిన ఏజే గ్రీన్ అదే మార్చిలో అరిజోనా వెళ్ళిపోయాడు. టైలర్ బోయిడ్, టీ హిగిన్స్ ఉన్నారు కానీ మూడో కుర్చీ ఖాళీ. మూడో రిసీవర్ అంటే స్టార్టరే అని ఇందాకే అనుకున్నాం కదా. కాబట్టి రిసీవర్ కూడా నిజమైన అవసరమే, జనం కంటికి ఆనలేదంతే.

తర్వాత ఏమైంది? చేజ్ మొదటి సీజన్‌లోనే 81 క్యాచ్‌లు, 1,455 యార్డులు, 13 టచ్‌డౌన్లు. అఫెన్స్‌లో ఆ ఏటి ఉత్తమ రూకీ అవార్డ్ అతనిదే. ముందు ఏడాది నాలుగు గెలిచిన టీమ్ నేరుగా సూపర్ బౌల్‌కి వెళ్ళింది.

మరి లైన్ సంగతి? అది మాత్రం బాగుపడలేదు. రెగ్యులర్ సీజన్‌లో బరో 51 సార్లు సాక్ అయ్యాడు, లీగ్ మొత్తంలో అదే ఎక్కువ. ప్లేఆఫ్స్‌లో టెన్నెసీ మీద ఒక్క మ్యాచ్‌లోనే 9 సాక్‌లు, అయినా 19-16తో గెలిచారు. సూపర్ బౌల్‌లో రామ్స్ మీద ఇంకో 7. చివరి ప్లేలో ఆరోన్ డోనల్డ్ మీద పడుతుంటే బరో విసిరిన బంతి ఎవరికీ అందలేదు. 23-20తో ఓడిపోయారు.

దీంతో అప్పట్లో రెండు వర్గాలు తయారయ్యాయి. "చేజ్ లేకపోతే సూపర్ బౌలే లేదు" అని ఒకరు. "సూయెల్ ఉంటే ఆ సూపర్ బౌల్ గెలిచేవాళ్ళు" అని ఇంకొకరు. నన్నడిగితే ఇద్దరూ అయిదో పిక్ దగ్గరే ఆగిపోయారు. షీట్‌లో ఇంకొంచెం కిందికి చూడండి.

రీఫ్ డిసెంబర్‌లో గాయపడ్డాడు. ప్లేఆఫ్స్‌లో రైట్ టాకిల్‌గా ఆడింది అతని వెనకాల ఉన్న ఐజయా ప్రిన్స్. అంటే నాలుగో కాలమ్, వెనకాల ఎవరున్నారు అన్నది ఖాళీ. ఇక లోపలి ముగ్గురు. సెంటర్ ట్రే హాప్కిన్స్‌కి 2021 జనవరిలో, సీజన్ చివరి మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. టీమ్‌లో నిజంగా బలహీనంగా ఉన్నది అయిదుగురి వరుసలో ఈ మధ్య భాగం. రెండో రౌండ్‌లో బెంగాల్స్ కొంచెం వెనక్కి జరిగి, 46వ పిక్‌గా క్లెమ్సన్ లైన్‌మన్ జాక్సన్ కార్మన్‌ని తీసుకున్నారు. కాలేజీలో టాకిల్‌గా ఆడిన అతన్ని గార్డ్‌గా మార్చాలన్నది ప్లాన్. అతను అక్కడ స్థిరపడలేకపోయాడు. అదే రౌండ్‌లో 63వ పిక్ దాకా ఒక సెంటర్ మిగిలి ఉన్నాడు. పేరు క్రీడ్ హంఫ్రీ. కాన్సస్ సిటీ చీఫ్స్ తీసుకున్నారు. మొదటి రోజు నుంచే స్టార్టర్, 2024లో లీగ్ ఉత్తమ జట్టు అయిన ఫస్ట్ టీమ్ ఆల్ ప్రోలో చోటు.

మిగతా టీమ్‌లు కూడా అతన్ని వదిలేశాయి కదా అంటారు. నిజమే, ముందే తెలిసుంటే ఎవరూ వదలరు. కానీ అవసరాల లెక్క ప్రకారం చూస్తే చర్చ జరగాల్సిన చోటు ఇదే. లైన్ బాగుచేయడానికి అయిదో పిక్ ఒక్కటే దారి కాదు. గార్డ్, సెంటర్ రెండో రౌండ్‌లోనూ దొరుకుతారు, మార్కెట్‌లోనూ దొరుకుతారు. చేజ్ లాంటివాడు ఆ రెండు చోట్లా దొరకడం కష్టం. ఆ మాటని బెంగాల్సే మరుసటి ఏడాది నిరూపించారు. 2022 మార్చిలో అలెక్స్ కాపా, టెడ్ కారస్, లయెల్ కాలిన్స్, ముగ్గురు లైన్‌మన్లను ఒకే నెలలో కొనేశారు. క్వార్టర్‌బ్యాక్, ముఖ్య రిసీవర్లు చవక కాంట్రాక్టుల్లో ఉన్నారు కాబట్టి చేతిలో డబ్బు ఉంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇదే.

కానీ నాలుగో కాలమ్ మళ్ళీ కాటేసింది. 2022 సీజన్ చివరికి కాపా, కాలిన్స్, విలియమ్స్ ముగ్గురూ గాయాలతో బయట కూర్చున్నారు. ఏఎఫ్‌సీ ఫైనల్‌లో చీఫ్స్ చేతిలో ఓడిపోయారు, స్కోర్ మళ్ళీ 23-20. కాబట్టి లైన్‌లో అవసరం అంటే అయిదుగురు కాదు, కనీసం ఏడెనిమిది మంది.

అవసరాన్ని పక్కన పెడితే: అట్లాంటా

ఇప్పుడు రెండో వైపు. 2024 మార్చిలో అట్లాంటా ఫాల్కన్స్ క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్‌తో నాలుగేళ్ళకు 18 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ చేసుకున్నారు. అందులో 10 కోట్లు గ్యారంటీ. సరిగ్గా నెలన్నర తర్వాత డ్రాఫ్ట్‌లో ఎనిమిదో పిక్‌గా ఇంకో క్వార్టర్‌బ్యాక్, మైకేల్ పెనిక్స్ జూనియర్‌ని తీసుకున్నారు. ఆ టీమ్‌కి ఏళ్ళ తరబడి ఉన్న లోటు ఎడ్జ్ రషర్, అంటే అంచు నుంచి దూసుకొచ్చి అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని పడేసేవాడు. ఆ ఏడాది మొదటి 14 పిక్‌లూ అఫెన్స్ ఆటగాళ్ళే. అంటే డ్రాఫ్ట్‌లో ఉన్న ఏ డిఫెన్స్ ఆటగాణ్ణయినా ఎనిమిదో పిక్‌తో ఎంచుకునే అవకాశం అట్లాంటాకి ఉంది.

కాంట్రాక్ట్, వయసు కాలమ్‌లు చూస్తే పెనిక్స్ పిక్‌కి ఒక తర్కం ఉంది. కజిన్స్‌కి 35 ఏళ్ళు, అంతకుముందు అక్టోబర్‌లో అకిలీస్ తెగింది. ఆ అనుమానం నిజమే అయింది కూడా, డిసెంబర్‌లో అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టి పెనిక్స్‌ని దింపారు. కానీ ఒకే కుర్చీ కోసం ఒకే వసంతంలో 18 కోట్ల కాంట్రాక్టూ ఎనిమిదో పిక్కూ రెండూ ఖర్చుపెట్టేశారు. పక్క కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. 2025 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే ఇద్దరు ఎడ్జ్ ఆటగాళ్ళు, 15వ పిక్‌గా జేలన్ వాకర్, 26వ పిక్‌గా జేమ్స్ పియర్స్ జూనియర్. ఆ రెండోవాడి కోసం 2026 మొదటి రౌండ్ పిక్‌ని కూడా రామ్స్‌కి ఇచ్చేశారు. తీర్చని అవసరం ఎక్కడికీ పోదండీ, వడ్డీతో తిరిగొస్తుంది.

ఖాళీ లేని కుర్చీకి మనిషి: చీఫ్స్, ప్యాకర్స్

2016లో చీఫ్స్ 12 గెలిచి 4 ఓడారు. క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ కాంట్రాక్ట్ 2018 దాకా ఉంది. ఏ లిస్ట్ చూసినా క్వార్టర్‌బ్యాక్ దగ్గర పచ్చ రంగే. కానీ 2017 డ్రాఫ్ట్‌లో 27 నుంచి 10కి ఎగబాకి ప్యాట్రిక్ మహోమ్స్‌ని తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది మొదటి రౌండ్ పిక్ కూడా ఇందుకోసం ఇచ్చేశారు. ఒక ఏడాది కూర్చోబెట్టి, స్మిత్‌ని వాషింగ్టన్‌కి పంపి, 2018లో దింపితే ఆ ఏడాదే ఎంవీపీ. రెండేళ్ళు ముందుకు చూస్తే అవసరం కనిపించింది.

గ్రీన్ బే ప్యాకర్స్‌ది ఇదే దారి. 2005లో బ్రెట్ ఫార్వ్‌కి 35 ఏళ్ళున్నప్పుడు ఆరోన్ రాడ్జర్స్‌ని తెచ్చి మూడేళ్ళు కూర్చోబెట్టారు. 2020లో అదే రాడ్జర్స్ వెనకాల జోర్డన్ లవ్‌ని తెచ్చి మూడేళ్ళు కూర్చోబెట్టారు. 2024 జనవరిలో ఆ లవ్ డాలస్‌ని వాళ్ళ సొంత మైదానంలో 48-32తో ఏం చేశాడో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఉన్న మన కౌబాయ్స్ ఫ్యాన్స్‌కి నేను గుర్తుచేయక్కర్లేదు.

కానీ దీనికీ ధర ఉంది. 2019లో ప్యాకర్స్ సూపర్ బౌల్‌కి ఒక్క మ్యాచ్ దూరంలో ఆగారు. 2020 డ్రాఫ్ట్‌లో రిసీవర్లు పుష్కలంగా ఉన్నారు, వీళ్ళు ఒక్కణ్ణీ తీసుకోలేదు. రాడ్జర్స్ 2020, 2021 రెండేళ్ళూ ఎంవీపీ, రెండేళ్ళూ టీమ్ సూపర్ బౌల్ చేరలేదు. రేపటి కోసం ఖర్చుపెట్టిన పిక్ ఇవాళ్టి జేబులోంచే పోతుంది. ఎంత ముందుకు చూడాలన్నది టీమ్ ఏ దశలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

అవసరం భయంగా మారితే

చివరి ఉదాహరణ. 2023లో కరోలైనా పాంథర్స్‌కి క్వార్టర్‌బ్యాక్ కావాలి. ఇందులో ఎవరికీ అనుమానం లేదు, అవసరాన్ని సరిగ్గానే గుర్తించారు. నంబర్ వన్ పిక్ కోసం షికాగో బేర్స్‌కి ఏమిచ్చారో చూడండి: 9వ పిక్, 61వ పిక్, 2024 మొదటి రౌండ్, 2025 రెండో రౌండ్, వీటి పైన వాళ్ళ ముఖ్య రిసీవర్ డీజే మూర్. అంటే కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకోవడానికి, అతను బంతి విసరాల్సిన మనిషినే ఇచ్చేశారు. బ్రైస్ యంగ్ వచ్చాడు, టీమ్ 2 గెలిచి 15 ఓడింది. నవంబర్‌లో కోచ్ పోయాడు, జనవరిలో జనరల్ మేనేజర్ పోయాడు. వాళ్ళు ఇచ్చిన 2024 పిక్ నంబర్ వన్ అయి కూర్చుంది, దాంతో షికాగో కేలెబ్ విలియమ్స్‌ని తీసుకుంది.

దీని వెనక ఒక రీసెర్చ్ కూడా ఉంది. కేడ్ మాసీ, తర్వాత నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్, ఇద్దరూ ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌ల మీద లెక్కలు వేశారు. ఒకే పొజిషన్‌లో ముందు తీసుకున్నవాడు, వాడి తర్వాత వెంటనే తీసుకున్నవాడి కంటే మెరుగ్గా ఆడే అవకాశం దాదాపు 52 శాతమే. బొమ్మా బొరుసా అన్నంత దగ్గర. కాబట్టి అవసరం నిజమైనా, ఒక్క పేరు కోసం ఇల్లమ్ముకోవద్దు.

ఇప్పుడు మీ వంతు

ఒక ఆదివారం సాయంత్రం చాలు. కాంట్రాక్ట్ వివరాలు ఓవర్ ద క్యాప్, స్పోట్రాక్ సైట్లలో ఉంటాయి. వయసు, ఎన్ని ప్లేలు ఆడారు అన్నవి ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్‌లో దొరుకుతాయి. షీట్ తెరిచి ఒక్కో పొజిషన్‌కీ ఆరు కాలమ్‌లు నింపండి. తర్వాత లిస్ట్‌ని మూడు భాగాలు చేయండి. ఈ సెప్టెంబర్‌కి మనిషి లేకపోతే టీమ్ నడవనివి మొదటి భాగం. రెండేళ్ళలో ఖాళీ అయ్యేవి రెండో భాగం. స్టార్టర్ ఉన్నా వెనకాల మనిషి లేనివి మూడో భాగం.

ఆ తర్వాత ప్రతిదాని పక్కన ఒక్క ప్రశ్న రాయండి: దీన్ని డ్రాఫ్ట్‌లోనే తీర్చాలా? మార్కెట్‌లో కొనగలిగినవాటి మీద మొదటి రౌండ్ పిక్ పెట్టకండి. కొనలేనివాటికి ఆ పిక్ దాచండి. ఇద్దరు సమానమైన ఆటగాళ్ళు ముందున్నప్పుడు ఎవరిని తీసుకోవాలో చెప్పడానికి ఈ లిస్ట్ పనికొస్తుంది. తక్కువవాణ్ణి ఎక్కువ చేసి చూపించడానికి వాడితే మాత్రం దెబ్బతింటారు.

ఇంత లెక్క ఎందుకంటారా? ఈ షీట్‌లో ఒక గడి ఖాళీగా వదిలేస్తే, దాని ఖరీదు ఆఫీసులో కూర్చున్నవాళ్ళు కట్టరండీ. బంతి పట్టుకుని నిలబడ్డ ఒక పాతికేళ్ళ కుర్రాడు తన మోకాలితో కడతాడు. డ్రాఫ్ట్ రాత్రి పేర్లు పిలుస్తున్నప్పుడు అది గుర్తుంటే చాలు.

మీ టీమ్ షీట్ తయారయ్యాక, మొదటి రౌండ్‌లో ఎవరిని తీసుకుంటారో, ఏ కాలమ్ చూసి తీసుకుంటారో రాసి పెట్టుకోండి. డ్రాఫ్ట్ అయిపోయాక పక్కన పెట్టి పోల్చుకుందాం. వచ్చే ఎపిసోడ్‌లో పిక్‌ల బేరాలు, ఏ పిక్‌కి ఎంత విలువ కడతారో చూద్దాం. అప్పటిదాకా ఉంటానండీ, నమస్తే.